ఎవరిదీ కాని చీటీ

1824 అక్టోబరు 8, శుక్రవారం

ఈ పుస్తకం మా అమ్మాయి కంఫర్ట్ ఇచ్చింది. రోజూ కొంచెం రాయమంది, రాయకపోతే చేయి తిరగదట. నా కూతురే అయినా నా దగ్గర పంతులమ్మలా మాట్లాడుతుంది. మొగుడు పోయి నా ఇంటికి తిరిగి వచ్చాక నాకు అక్షరాలు దిద్దించింది తనే. ఈ డెబ్బై ఏళ్ళలో యాభై ఏళ్ళు దేవదారు మొద్దులు చీల్చి ఇళ్ళ కప్పులకు పలకలు చేశాను. గొడ్డలి పట్టుకుంటే నా చేయి వణకదు. కలం పట్టుకుంటే వణుకుతుంది. ఆ సంగతి బయట ఎవరికీ తెలియదు. తెలియనక్కర్లేదు.

నిన్న జార్జ్‌టౌన్‌లో రిటర్న్ డే. ససెక్స్ జిల్లా జనమంతా బళ్ళు కట్టుకుని వచ్చారు. షెరీఫ్ కోర్టు మెట్ల మీద నిలబడి ఓట్ల లెక్క చదివాడు. శాసనసభకు గెలిచిన వాళ్ళలో నా పేరు ఉంది. ఎలైజా ట్రూయిట్. ఆ మెట్ల మీంచి వినపడితే పేరు బరువుగానే ఉంది.

తర్వాత కాల్చిన ఎద్దు మాంసం చేత్తో పట్టుకుని మా సీడర్ క్రీక్ హండ్రెడ్, అంటే మా తాలూకా వాళ్ళంతా నా బండి చుట్టూ మూగారు.

"అధ్యక్షుడికి ఓటేసే భాగ్యం మాకెట్టాగూ లేదు. మా అందరి ఓట్లూ కట్టగట్టి నీ జేబులో పెట్టి పంపుతున్నాం తాతా. జేబుకి చిల్లుందేమో ముందే చూసుకో," అన్నాడు కమ్మరి వారెన్.

"పెన్సిల్వేనియాలో ఎవడి ఓటు వాడే వేసుకుంటాడంట," అని వెనకనుంచి ఒకడు.

"మనకా కష్టం లేదుగా. మన బదులు ఆలోచించటానికి డోవర్ శాసనసభలో ముప్పై బుర్రలున్నాయి," అని ఇంకొకడు. అందరూ నవ్వారు.

నేను నవ్వలేదు. బండెక్కి నిలబడి మాట ఇచ్చాను. ముప్పై మందిమి కూర్చుని ముగ్గురు ఎలక్టర్ల పేర్లు చీటీల మీద రాస్తాం. ఆ ముగ్గురే డిసెంబరులో అధ్యక్షుడికి ఓటు వేస్తారు. ఇద్దరి మీద పేచీ లేదు. మూడోవాడు మా లెవిన్ బీచమ్ అయితే ఓటు అధ్యక్ష పదవికి నిలబడ్డ బోస్టన్ ఆయనకు పడుతుంది, మా వాళ్ళకు కావలసింది ఆయనే. లాయర్లు నిలబెట్టిన రాబిన్స్ అయితే జార్జియా ఆయనకు పోతుంది. నా చీటీ మీద లెవిన్ పేరు లేకపోతే నా మొహం చూడొద్దన్నాను.

లెవిన్ గుంపు వెనక తల దించుకుని నిలబడ్డాడు. స్వాతంత్ర్య యుద్ధంలో కామ్‌డెన్ దాకా నడిచిన రోజుల్లో మా ఇద్దరికీ ఒకటే జత బూట్లు. ఒక రోజు అతను తొడుక్కునేవాడు, ఒక రోజు నేను.

ఇంటికి వచ్చి చెబితే కంఫర్ట్ నవ్వింది. "ఒక్క ఓటు లేదని మీ మగాళ్ళకింత ఏడుపా నాన్నా? మాకు ఏ ఓటూ లేదు."

అక్టోబరు 11

ఏమీ జరగలేదు. రాయమంది కాబట్టి రాశాను.

అక్టోబరు 19

చీటీ మీద మూడు పేర్లు రాయాలి. మిగతా ఇద్దరివీ పొట్టి పేర్లు. లెవిన్ పేరు షెడ్డులో బొగ్గుతో ఒక దేవదారు పలక మీద నాలుగుసార్లు రాశాను. లెవిన్ బీచమ్. నోటికి ఎలా వస్తుందో అలాగే రాశాను. నాలుగోది తిన్నగా వచ్చింది.

కంఫర్ట్‌కు చూపించలేదు. ఒక మనిషి పేరు రాయడానికి కూడా కూతుర్ని అడిగేవాణ్ణి శాసనసభకు ఎందుకు పంపినట్టు.

నవంబరు 7, ఆదివారం, డోవర్

రెండు రోజుల ప్రయాణం. మిల్‌ఫర్డ్ దాటాక దారంతా బురద. సత్రంలో మంచానికి ఇద్దరు. నా పక్క చోటు పర్నెల్ డెరిక్‌సన్‌కు పడింది. మా ససెక్స్ వాడే, ముప్పై ఏళ్ళ లాయరు. లెవిన్ తరఫున ఓట్లు కూడగట్టేది అతనే. నిద్రలో కూడా లెక్కపెడుతున్నాడు.

నవంబరు 8

సాయంత్రం సత్రం వెనక గదిలో మా పక్షం వాళ్ళం కూడాం. లెవిన్‌కు పదహారు మంది ఉన్నారు. ముప్పైలో పదహారు వస్తే గెలుపు. ఒక్కటి తగ్గినా చాలదు.

పదహారో మనిషి ఎబినీజర్ లోఫ్లాండ్. పక్కనున్న కెంట్ జిల్లా మనిషి. మా వాగుకు అవతలి ఒడ్డున పిండి మర అతనిదే, మా మొక్కజొన్నలు కూడా అక్కడే ఆడతాయి. మెథడిస్టు క్రైస్తవుల్లో ప్రార్థన కూటం పెద్ద. చాలాసేపు టోపీ చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

"నాకింకా మనసు తేలలేదండీ. రాబిన్స్ కూడా చెడ్డవాడేం కాదు," అన్నాడు.

"మీ మనసు తేలేలోపు అధ్యక్షుడి గడువు కూడా అయిపోతుంది లోఫ్లాండ్ గారూ," అన్నాడు పర్నెల్.

నవ్వులు అయ్యాక ఎబినీజర్ లేచి, "సరే. లెవిన్‌కే వేస్తాను. మాటిచ్చాను," అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పర్నెల్ కాగితం ముక్కలు కోసి మూడేసి పేర్లు రాయడం మొదలుపెట్టాడు. కొందరు తీసుకున్నారు. నా దగ్గరకూ వచ్చాడు.

"మీదీ రాసిచ్చేస్తాను పెద్దాయనా. మీకెందుకు శ్రమ."

"నా చేతులింకా పడిపోలేదు."

"అబ్బే, అందుకని కాదు..."

"ఇంకెందుకని?"

కాగితాలు తీసుకుని పక్కవాడి దగ్గరికి పోయాడు. నా చీటీ నేనే రాసుకుంటాను.

నవంబరు 9, మంగళవారం

లెక్క కుదరలేదు. నేను సరిగ్గానే రాశాను.

నవంబరు 9, మళ్ళీ

మొత్తం రాస్తే గాని నిలవలేను.

చీటీలన్నీ టోపీలో వేశాం. గుమస్తా ఒక్కొక్కటీ తీసి చదివాడు. మొదటి ఇద్దరూ సాఫీగా నెగ్గారు. మూడో పేరు దగ్గర లెవిన్, రాబిన్స్, లెవిన్, లెవిన్, రాబిన్స్ అని పోతూ ఒక చీటీ దగ్గర ఆగాడు. దాన్ని వెలుతురుకు పెట్టి చూసి స్పీకర్‌కు ఇచ్చాడు.

స్పీకర్ గొంతు సవరించుకున్నాడు. "మిగతా చీటీల మీద ఉన్న పేరు అక్షరాల ప్రకారం బ్యూచాంప్. దీని మీద ఉన్నది వేరు. బి, ఇ, ఎ, సి, హెచ్, యు, ఎమ్."

మామూలుగా పలకడానికి రెండూ బీచమే. రాయడంలో తేడా అట. ఎ పక్కనే యు, హెచ్ తర్వాత మళ్ళీ ఎ, చివర పి. నోట్లో లేని అక్షరాలు కాగితం మీద ఎందుకు ఉంటాయో నాకు తెలియదు.

కెంట్ సభ్యుడొకడు తొడ చరిచాడు. "అయ్యా, ఆ అక్షరాలు మా కెంట్‌లో ఉన్న ఇంకో లెవిన్ బీచమ్‌వి! ఊరూరా తిరిగి పందులకి విత్తులు కొట్టేవాడు! ఎవరో మహానుభావుడు వాణ్ణి ఎలక్టరుగా నిలబెట్టాడు!"

సభ ఘొల్లుమంది. స్పీకర్ కూడా నవ్వు ఆపుకోవడానికి రుమాలు తీశాడు. ఒకడు పంది అరిచినట్టు అరిచాడు.

నవ్వులు అణిగాక స్పీకర్ అన్నాడు: "ఈ చీటీ రాసిన సభ్యులు లేచి నిలబడి, ఎవర్ని ఉద్దేశించి రాశారో చెబితే ఆ ప్రకారమే లెక్కిస్తాను. అందులో తప్పేం లేదు."

ఆగాడు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేనూ చూశాను, ఎవరు లేస్తారా అని.

ఎవరూ లేవలేదు.

"రెండోసారి అడుగుతున్నాను," అన్నాడు.

అప్పుడూ ఎవరూ లేవలేదు. అంతే.

ఆ చీటీని విడిగా లెక్కగట్టారు. లెవిన్‌కు పదిహేను, రాబిన్స్‌కు పద్నాలుగు, పందుల మనిషికి ఒకటి. ఎవరికీ పదహారు లేదు. రేపు మళ్ళీ రాయాలట. చీటీలన్నీ పొయ్యిలో వేసేశారు, అది ఇక్కడి పద్ధతి.

నాకు కళ్ళు సరిగ్గా ఆనలేదేమో. గుమస్తాకే ఆనలేదేమో. నేను సరిగ్గానే రాశాను.

నవంబరు 10, బుధవారం

పొద్దున గంజి బల్ల దగ్గరే పర్నెల్ ఎబినీజర్ లోఫ్లాండ్ మీద పడ్డాడు. అందరి ముందూ.

"భలే చేశారు లోఫ్లాండ్ గారూ. మాటా తప్పలేదు, ఓటూ పడలేదు."

ఎబినీజర్ చెంచా కింద పెట్టాడు. "ఏం చేశాను నేను?"

"అది అక్షరం రానివాడి పని కాదండీ. అక్షరం బాగా వచ్చి, ఎక్కడ తప్పితే చీటీ చెడుతుందో తెలిసినవాడి పని. మొన్నటిదాకా మనసు తేలనిది ఒక్క మీకే."

"నేను లెవిన్ బ్యూచాంప్ అనే రాశాను. దేవుడి సాక్షి."

"దేవుడికి కూడా చీటీ చూపించలేదుగా మీరు," అన్నాడెవరో. బల్లంతా నవ్వింది.

ఎబినీజర్ చుట్టూ చూశాడు. ఒక్కొక్కరినే చూశాడు. నన్ను కూడా చూశాడు. నా గిన్నెలో గంజి ఉంది. తిన్నాను.

సభలో చీటీలు రాసేముందు అతను లేచి నిలబడ్డాడు. "నిన్న నేను మాట తప్పానన్నారు. నిన్న తప్పలేదు. నన్ను ద్రోహిగానే ఉండమంటే ఇవాళ ఉంటాను. రాబిన్స్‌కి వేస్తున్నాను, దాచుకోకుండా చెప్పి మరీ వేస్తున్నాను."

నేను మొన్న పర్నెల్ రాసి వదిలేసిన చీటీ ముక్క ఒకటి సంపాదించి, పక్కన పెట్టుకుని, గీత గీతకూ చూసి రాశాను. యు వేశాను. పి వేశాను.

పదిహేను, పదిహేను. సమానంగా వస్తే స్పీకర్‌కు ఇంకో ఓటు ఉంటుంది. ఆయన రాబిన్స్‌కు వేశాడు.

బయటికి వస్తుంటే పర్నెల్ నా భుజం మీద చేయి వేశాడు. "చూశారా, వాడేనని తేలింది. మీలాంటి మాట మీద నిలబడే మనిషి ఇంకొక్కడుంటే చాలేది పెద్దాయనా."

నవంబరు 12

ఇల్లు చేరాను. వాన.

నవంబరు 13

లెవిన్ వచ్చాడు. తడిగోనెలో ఆల్చిప్పలు తెచ్చాడు, తనే తీసినవి. కంఫర్ట్ పాలల్లో కాచింది. పొయ్యి దగ్గర కూర్చుని ఇద్దరం తిన్నాం.

"ఏం ఫరవాలేదురా ఎలైజా," అన్నాడు. "ఒక్కసారి ఆ గదిలోకి వెళ్ళి, మన వాళ్ళందరి తరఫునా ఆ ఒక్క పేరు రాసి వద్దామనుకున్నా. ఈ వయసులో ఇంకేం కావాలి చెప్పు. పోన్లే. నువ్వు నిలబడ్డావ్, అది చాలు."

నేను అతని గిన్నెలో ఇంకో గరిటె పోశాను.

"ఆ పిండి మర వెధవ మాత్రం," అని లెవిన్ ఎబినీజర్‌ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. లెవిన్ అలా తిట్టగా నేనెప్పుడూ వినలేదు.

"అంత తిట్టకులే," అన్నాను.

"నీ మంచితనం తగలెయ్య," అన్నాడు.

నవంబరు 17

నేను సరిగ్గానే రాశాను. నోటికి వచ్చినట్టే రాశాను.

నవంబరు 21, ఆదివారం

కూటంలో పెద్ద పదవి నుంచి ఎబినీజర్‌ను తీసేశారు. ముందు వరసలో కూర్చునే మనిషి తలుపు పక్కన నిలబడ్డాడు. ప్రార్థన అయ్యాక వారెన్ నాతో, "ఇహ వాడి మరకి మన హండ్రెడ్ నించి ఒక్క గింజ పోదు తాతా. ఏడు మైళ్ళయినా అవతలి మరకే తోలుతున్నాం. నీ పేరు చెప్పే అందర్నీ ఒప్పించాను," అన్నాడు.

నా పేరు చెప్పి.

నవంబరు 22

లేచి చెబుదామనే ఉన్నాను. స్పీకర్ తొందరపడ్డాడు. మూడోసారి అడిగి ఉంటే లేచేవాణ్ణి.

నవంబరు 27, శనివారం

కంఫర్ట్ పొయ్యిలోకి చెక్కముక్కలు తేవడానికి షెడ్డుకు వెళ్ళింది. చాలాసేపటికి గాని రాలేదు. వచ్చేటప్పుడు చంకలో చెక్కముక్కలు, చేతిలో విడిగా ఒక పలక. బొగ్గు అక్షరాలు. నాలుగు వరసలు.

దాన్ని నా ముందు బల్ల మీద పెట్టింది. పందుల మనిషి చీటీ కథ ఈ పాటికి జిల్లాలో తెలియనివాళ్ళు లేరు. పంది అరుపుతో సహా తెలుసు.

"నాన్నా."

"ఏంటి."

"నన్నడిగుంటే చెప్పేదాన్నిగా."

నేను పలక తీసి పొయ్యిలో వేశాను. తను చెక్కముక్కలు పొయ్యి పక్కన పేర్చుకుంది. ఇంకో మాట అని ఉంటే బాగుండేది, ఒక మాట నేనూ అనేవాణ్ణి.

నవంబరు 29

పొద్దున లేచేసరికి కంఫర్ట్ లేదు. బండి లేదు, మూడు బస్తాల మొక్కజొన్నలు లేవు. మధ్యాహ్నానికి పిండితో తిరిగి వచ్చింది. బస్తాల మూతి ముడి చూస్తే తెలుస్తుంది ఎవరి మరో. ఎబినీజర్ ముడి ఎడమవైపు వేస్తాడు.

"దారిలో ఎవరన్నా చూశారా?" అన్నాను.

"అందరూ చూశారు."

"ఏమన్నారు?"

"ఎలైజా కూతురికి సిగ్గు లేదన్నారు." తట్టలోకి పిండి వంచుకుంటూ అంది. "నిజమే కదా నాన్నా. ఇంట్లో ఎవరికో ఒకరికి ఉండాలి, నాకు లేదని వాళ్ళే అంటున్నారు."

డిసెంబరు 1, బుధవారం

ఇవాళ ముగ్గురు ఎలక్టర్లూ డోవర్‌లో కూర్చుని ఓటు వేస్తారు. వేసేసి ఉంటారు.

డిసెంబరు 2

లెవిన్ ఇంటికి వెళ్ళాను. వాగు ఒడ్డున తిరగేసిన పడవ మీద కూర్చుని ఆల్చిప్పలు తీసే పొడుగు పట్టుకర్ర బాగుచేసుకుంటున్నాడు. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. తీరా వెళ్ళాక ఒకటే వచ్చింది.

"లెవిన్, ఆ చీటీ నాది."

అతను పట్టుకర్ర పక్కన పెట్టాడు. తాడు చుట్టి దాని మీద పెట్టాడు. ఆ తర్వాత నా వైపు చూశాడు.

"ఎట్టా రాశావ్?"

పడవ అడుగుకు పూసిన తారు మీద సుద్దముక్కతో రాశాను. ఏడు అక్షరాలు. చేయి వణకలేదు, ఎందుకో.

లెవిన్ అది చదివి లేచాడు. లోపలికి వెళ్ళి బైబిలు తెచ్చాడు. మొదటి కాగితం తీసి నా మొహం ముందు పెట్టాడు. వాళ్ళ నాన్న పేరు, తన పేరు, చనిపోయిన ఇద్దరు పిల్లల పేర్లు. అన్నిటి చివరా అవే ఏడు అక్షరాలు.

"మా నాన్న ఇట్టాగే రాసేవాడు. నేనూ ఇట్టాగే రాస్తా. ఆ పొడుగు పేరు డోవర్ గుమస్తాలు పొలం కాగితాల మీద ఎక్కించింది. మేరీల్యాండ్‌లో ఎవరో గొప్పోళ్ళు అట్టా రాసుకుంటారంట. నాకు దాన్ని కూడబలుక్కోటం కూడా రాదు."

ఈ నెల్లాళ్ళలో మొదటిసారి నాకు ఊపిరి నిండా అందింది. ఆ మాట దాచను. "అయితే నేను సరిగ్గానే రాశానురా!" అన్నాను.

"సరిగ్గానే రాశావ్."

"ఆ ముప్పై మందిలో నేనొక్కణ్ణే సరిగ్గా రాశాను!"

"ఆఁ. నువ్వొక్కడివే." లెవిన్ బైబిలు మూశాడు. "ఆయన అడిగినప్పుడు లేచి, ఇది లెవిన్ అంటే సరిపోయేది. కాదంటే నేనీ పుస్తకం చంకన పెట్టుకుని డోవర్ నడిచొచ్చేవాణ్ణి. బూట్లు లేకపోయినా వచ్చేవాణ్ణి. నువ్వు లేవలేదు."

"నవ్వుతున్నారు, లెవిన్. పందిలా అరిచారు."

"అరవనియ్. నా పేరు చూసేగా అరిచింది? నీకు సిగ్గేసింది నా పేరు రాసినందుకా, రాయటం రానందుకా?"

నేను సుద్దముక్క పడవ మీద పెట్టాను. 

"ఆ మర మనిషిని నెల్లాళ్ళ నించి తిడుతున్నా," అన్నాడు. "పూటకోసారి తిట్టా. దేవుడి దగ్గర కూడా తిట్టా. నా చేత తిట్టించావ్ ఎలైజా."

పట్టుకర్ర తీసుకుని మళ్ళీ పని మొదలుపెట్టాడు. వెళ్ళమనలేదు. ఉండమనలేదు. వచ్చేశాను.

డిసెంబరు 4, శనివారం

పిండి మర దగ్గర ఒక్క బండి కూడా లేదు. రాయి తిరగడం లేదు. నీళ్ళు చక్రం పక్కనుంచి ఊరికే పోతున్నాయి. ఎబినీజర్ వాకిట్లో కూర్చుని రాతికి గాట్లు వేస్తున్నాడు. పని లేనప్పుడు మరవాళ్ళు చేసే పని అది.

చీటీ సంగతి చెప్పాను. లెవిన్ బైబిలు సంగతి చెప్పలేదు. అది చెబితే నేను సరిగ్గానే రాశానని చెప్పుకోవడానికి వచ్చినట్టు ఉంటుంది.

అతను ఉలి ఆపలేదు. "నాకు చెప్పి ఏం లాభమండీ? నేను కాదని నాకు ముందే తెలుసు."

"తప్పయిపోయింది."

"రెండో రోజు ఓటు నేనే మార్చాను. కోపంలో మార్చాను. అది నాది, నేనే మోస్తాను. మొదటి రోజుది మాత్రం మొయ్యను." ఉలి పక్కన పెట్టాడు. "ఎక్కడ అడిగారో అక్కడ చెప్పండి ఎలైజా గారూ. జనవరిలో సభ కూడుతుందిగా."

"అక్కడా?"

"మీరు గంజి తింటున్నప్పుడు నేను మీ వంకే చూశాను. మీరొక్కరైనా 'ఈయన అట్టాంటివాడు కాదు' అంటారేమోనని. మనం పాతికేళ్ళ నించి ఇరుగుపొరుగులం."

డిసెంబరు 5

వెళ్ళను. డెబ్బై ఏళ్ళవాణ్ణి.

డిసెంబరు 9

కాళ్ళ నొప్పులని రాసి పంపమని కంఫర్ట్‌ను అడిగాను. రాయనంది. "మీకిప్పుడు రాయటం వచ్చుగా," అంది.

డిసెంబరు 26

నిన్న క్రిస్మస్. ఎవరూ రాలేదు. మేమూ ఎక్కడికీ వెళ్ళలేదు.

జనవరి 3, డోవర్

మళ్ళీ అదే సత్రం. ఎబినీజర్ పక్కన పడుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదట, అతనికి వంటింటి మీది గది ఇచ్చారు. పర్నెల్ నాకు మంచంలో గోడవైపు చోటు ఉంచాడు. "రండి పెద్దాయనా, మీ చోటు వెచ్చగా ఉంచాను," అన్నాడు.

నేను రెండు మాటలు కాగితం మీద రాసుకుని చూశాను. చదివితే ఇంకొకరి మాటల్లా ఉన్నాయి. చించేశాను.

జనవరి 4, మంగళవారం

ప్రార్థన అయింది. గుమస్తా పేర్లు పిలిచాడు. నా పేరు పిలిచినప్పుడు నిలబడ్డాను, అలాగే నిలబడి ఉన్నాను.

"గౌరవ సభ్యులు కూర్చోవచ్చు," అన్నాడు స్పీకర్.

"నవంబరు తొమ్మిదిన మీరొక ప్రశ్న అడిగారయ్యా. జవాబు చెప్పాలి."

"ఏ ప్రశ్న?"

"ఆ చీటీ రాసింది ఎవరని."

ఆయన మొహం మారింది. "ఆ వ్యవహారం ముగిసిపోయింది ట్రూయిట్ గారూ. ఎలక్టర్లు ఓటు కూడా వేసేశారు. ఇప్పుడది ఎత్తడానికి వీల్లేదు."

"నాకు ముగియలేదు. ఆ చీటీ నాది. బి, ఇ, ఎ, సి, హెచ్, యు, ఎమ్. నాకు రాయటం అంతే వచ్చు. లెవిన్ కోసమే రాశాను. మీరు రెండుసార్లు అడిగారు, నేను రెండుసార్లూ కూర్చునే ఉన్నాను."

వెనక ఎవరో నవ్వారు. మళ్ళీ పంది అరుపు వినపడింది, నవంబరు నాటిదే, అదే గొంతు. అది అయిపోయేదాకా ఆగాను. తొందరేం లేదు నాకు.

"ఎబినీజర్ లోఫ్లాండ్ ఆ రోజు మాట తప్పలేదు," అన్నాను. "ఆయన్ని ద్రోహి అన్నప్పుడు నేను అదే బల్ల దగ్గర గంజి తింటున్నాను. నాకు తెలిసి కూడా తిన్నాను."

పర్నెల్ బల్ల మీద చేతులు పెట్టుకుని ఆ చేతుల్నే చూస్తున్నాడు. ఎబినీజర్ ఎటు చూస్తున్నాడో నేను చూడలేదు. ధైర్యం చాలలేదు.

స్పీకర్ సుత్తి కొట్టాడు. "ఇది సభ పుస్తకంలో ఎక్కదు," అని గుమస్తాకు చెప్పాడు. గుమస్తా కలం పక్కన పెట్టేశాడు. "సభ్యులు కూర్చోవాలి."

మూడుసార్లు అన్నాడు. చెప్పవలసింది అయిపోయింది కాబట్టి మూడోసారికి కూర్చున్నాను.

సభ పుస్తకంలో లేదు కాబట్టి పైన ఉన్నదంతా ఇక్కడ రాశాను, ఏ మాట తర్వాత ఏ మాట అన్నానో ఆ వరసలోనే.

సాయంత్రం మెట్ల దగ్గర ఎబినీజర్ ఎదురయ్యాడు. టోపీ తీయలేదు. "విన్నాను," అన్నాడు. అంతే అని వంటింటి మీది గదికి వెళ్ళిపోయాడు. ఇంకేమన్నా అంటాడని నేను అనుకోకూడదు.

శనివారం ఇంటికి. ఆదివారం కూటం ముందు మా హండ్రెడ్ వాళ్ళంతా ఉంటారు, వారెన్, అందరూ. నన్ను నమ్మి ఓటు జేబులో పెట్టి పంపింది వాళ్ళు. ఇదే మాట వాళ్ళకూ చెప్పాలి. అక్కడ కూర్చోమనడానికి స్పీకర్ ఉండడు.